ఆఫీసు ప్రేమకథ నవలికను ఆడియోలో వినడం: నిడివి, వేగం, గొంతు, డేటా

వంశధార | గుణుపురం

దక్షిణ ఒడిశాలో మన గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు చాలా తెలుగు ఇళ్లలో మాట తెలుగు, బడి ఒడియా. గడగడా తెలుగు మాట్లాడేవాళ్లు కూడా తెలుగు పుస్తకం చేతికిస్తే అట్ట చూసి పక్కన పెడతారు, లిపి రాదు కాబట్టి. వాళ్లకి కథ చెవి గుండానే అందాలి. మొదలుపెట్టించడానికి ఆఫీసు ప్రేమకథ నవలికని మించింది లేదని నా గట్టి నమ్మకం. పాత్రలు ఐదారుగురు, జాగా ఒకటే, వర్ణన తక్కువ, మాటామాటా ఎక్కువ. మీటింగు, లీవు, టార్గెట్టు, అప్రైజలు లాంటి మాటలు ఏ మాధ్యమంలో చదివినవాళ్లకైనా తెలిసినవే.

నిడివి లెక్క ముందు చూసుకోండి. ఇంగ్లీషు ఆడియో పుస్తకంలో నిమిషానికి 150 మాటల పైన నడుస్తాయి. తెలుగులో విభక్తి, ప్రత్యయం అన్నీ మాటకే అతుక్కుని ఉంటాయి కనుక సుమారు 100 దగ్గర ఆగుతుంది. అంటే 20,000 మాటల నవలిక 200 నిమిషాలు, మూడు గంటల ఇరవై నిమిషాలు. బరంపురంలో రైలెక్కితే విశాఖ చేరేలోపు అయిపోతుంది. ఇంతే మాటలున్న పుస్తకం రెండు గంటలకే ముగిసిపోతోందంటే అది సంక్షిప్తం చేసిన ప్రతి, లేదా పరుగెత్తి చదివింది. వివరాల పేజీలో ‘పూర్తి పాఠం’ అని ఉందో లేదో చూడండి.

ఇక అసలు సంగతి వేగం. మొదటి అధ్యాయం 1.0 మీదే వినండి. ఆ తర్వాత 1.25 వరకు పోవచ్చు. అప్పుడు 200 నిమిషాలది 160 అవుతుంది. 1.5 మాత్రం వద్దు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఎవరు ఎవరితో ఎంత చనువుగా ఉన్నారో ఆ క్రియ చివర తెలుస్తుంది. మూడు అధ్యాయాల పాటు “ఫైలు చూశారా?” అని అడిగిన అమ్మాయి నాలుగో అధ్యాయంలో “ఫైలు చూశావా?” అంటుంది. తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరం వినపడకపోతే తర్వాతి పేజీలో అతను ఎందుకు తలెత్తి చూశాడో తెలియదు. మామూలు చదువులో ఒక్కో అక్షరానికి సెకనులో ఆరో వంతు దొరుకుతుంది. 1.5 మీద అది తొమ్మిదో వంతుకి పడిపోతుంది. బస్సు హోరులో ఆ మాత్రం అక్షరాన్ని చెవి పట్టుకోలేదు.

నాగావళి | రాయగడ

వేగం గురించి చెప్పారు, దాని పక్కనే ఇంకో మీట ఉంటుంది: ‘స్కిప్ సైలెన్స్’. కొన్ని ప్లేయర్లలో ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయింది అలాగే ఉండిపోతుంది. వార్తలకీ, ఉపన్యాసాలకీ పనికొస్తుంది కానీ ప్రేమకథకి అది చేటు. “రేపు మీరు రావద్దు” అన్న తర్వాత చదివేవాళ్లు ఒకటిన్నర సెకను ఆగారంటే ఆ ఆగడంలోనే సగం సీను ఉంది. ఈ మీట ఆ మౌనాన్ని కోసేసి రెండు వాక్యాలనీ కలిపేస్తుంది. వినేవాళ్లు చదివినవారిని తప్పుపడతారు, తప్పు చదివినవారిది కాదు. ముందు అది ఆపండి, తర్వాత వేగం ఆలోచించండి.

గొంతుల సంగతి. నాలుగు రకాలు దొరుకుతాయి. ఒకరే మొత్తం చదివేది ఒకటి. డ్యూయల్ అంటే ఆమె కోణంలో ఉన్న అధ్యాయం ఆడగొంతు, అతని కోణంలో ఉన్నది మగగొంతు. డ్యూయెట్‌లో అధ్యాయం ఎవరిదైనా సరే అతని మాటలు అతనే, ఆమె మాటలు ఆమే పలుకుతారు. నాలుగోది పాత్రకో గొంతు, సంగీతం, తలుపు చప్పుడు అన్నీ ఉన్న రేడియో నాటకం పద్ధతి. కొత్తవాళ్లకి డ్యూయెట్ తేలిక, ఎవరు మాట్లాడుతున్నారో వెతుక్కోనక్కర్లేదు. ఆఫీసు కథకి నా ఓటు మాత్రం ఒక్క గొంతుకే. ఇద్దరూ పైకి ‘గారు, అండీ’ అంటూ లోపల వేరే మాట అనుకుంటారు. పైమాటా లోపలిమాటా ఒకే గొంతులోంచి వస్తేనే ఆ రెండిటి మధ్య సందు తెలుస్తుంది.

ఒంటి గొంతుని ఎలా పరీక్షించాలంటే, ఉచిత నమూనా సాధారణంగా పుస్తకం మొదలు నుంచి ఇస్తారు, అక్కడ వర్ణనే ఉంటుంది. ముందుకి జరిపి ఇద్దరు మాట్లాడుకునే చోట వినండి. మగవారు హీరోయిన్ మాటకి గొంతు సన్నం చేసి కీచుగా పలికితే పది నిమిషాలకి విసుగొస్తుంది. తెలిసినవాళ్లు స్థాయి మార్చరు, నడక మారుస్తారు: ఆమె మాట కొంచెం ముందుకు వాలి, అతని మాట అర సెకను ఆలస్యంగా. “అన్నాడు, అంది” తీసేసినా పాత్ర తెలిసిపోవాలి. నమూనాలో ఇది తెలియలేదంటే కొనకండి.

బాహుదా | బరంపురం

నాగావళి గారూ, ఒంటి గొంతు విషయంలో ఒప్పుకోను. ఇప్పటి ఆఫీసు నవలికల్లో చాలా భాగం చాట్లూ మెయిళ్లూనే. రాత్రి పదకొండుకి వచ్చిన మెసేజికి పదకొండున్నరకి జవాబు, మధ్యలో టైప్ చేస్తూ ఆపేయడం. వీటిని ఒక్క గొంతు చదివితే ప్రతిసారీ పేరు, టైము పలకాలి, చెవికి జాబితా చదివినట్టుంటుంది. డ్యూయెట్‌లో పేరు అక్కర్లేదు, గొంతే పేరు.

ఏ పద్ధతిలోనైనా సరే బాగా చేసినవాళ్లు మెయిలు తలకట్టు, అంటే ఎవరి నుంచి, ఎవరికి, విషయం, మొదటిసారి పూర్తిగా చదివి రెండోసారి నుంచి ‘విషయం’ ఒక్కటే చదువుతారు. టైముని కథకి అవసరమైన చోటే పలుకుతారు. ఎమోజీని పేరు పెట్టి చదవరు, ఆ నవ్వుని మాటలోకి తెస్తారు. నమూనాలో చాట్ సీను ఉంటే అదే మంచి గీటురాయి.

మహేంద్రగిరి | పర్లాకిమిడి

కొరాపుట్, జయపురం నుంచి విశాఖ వైపు రైల్లో వెళ్లేవాళ్లకి సిగ్నలు పోతూ ఉంటుంది కదా. డేటా ఎంత పెట్టుకోవాలి, ఎలా దించుకోవాలి? ఎవరైనా సరిగ్గా చెప్పండి.

దేవమాలి | కొరాపుట్

చెప్తాను. కొత్తవలస–కిరండోల్ లైనులో 58 సొరంగాలున్నాయి. ఆ దారిలో ఆన్‌లైన్‌లో వినడం కుదరని పని. ఇంట్లో వైఫై మీద ముందే దించుకోవాలి. 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు) నాణ్యతలో గంటకి సుమారు 29 ఎంబీ, 128లో 58 ఎంబీ. మూడు గంటల ఇరవై నిమిషాల నవలిక 64లో 96 ఎంబీ, 128లో 192. ఒక్క గొంతు చదువుకి 64 చాలు. సంగీతమూ చప్పుళ్లూ కలిపిన నాటకం పద్ధతికైతే 128 తీసుకోండి. ‘డేటా సేవర్’ అని 32కి దించకండి, స, శ, ష, చ లాంటి ఊదే ధ్వనులు మసకబారతాయి.

దించాక విమానం మోడ్ పెట్టి చివరి అధ్యాయం ఒక్క నిమిషం ఆడించి చూడండి. చాలామంది మొదటిది మాత్రమే చూసి బయల్దేరతారు, దారిలో తెలుస్తుంది ఏడో అధ్యాయం సగమే దిగిందని.

ఇంకో మూడు విషయాలు. ఒకటి, తెర ఆరిపోగానే కథ ఆగిపోతుంటే తప్పు పుస్తకానిది కాదు, ఫోను బ్యాటరీ పొదుపు పేరుతో యాప్‌ని మూసేస్తోంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ దగ్గరికెళ్లి బ్యాటరీ వాడకం ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చెయ్యండి. రెండు, ఫోను కాల్ వచ్చి పోయాక పది, ఇరవై సెకన్లు వెనక్కి జరిగి మొదలయ్యే ‘ఆటో రివైండ్’ ఉంటే పెట్టుకోండి, సొరంగంలో చప్పుడుకి ఆపినప్పుడు కూడా ఇదే పనికొస్తుంది. మూడు, ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాళ్లు ఫోను సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో, రెండు వైపుల శబ్దాన్నీ ఒకటిగా కలిపే ‘మోనో ఆడియో’ తప్పనిసరిగా ఆన్ చెయ్యాలి. డ్యూయెట్, నాటకం రికార్డింగుల్లో కొన్ని ఆమె గొంతుని ఎడమకీ అతని గొంతుని కుడికీ జరిపి చేస్తారు. మోనో లేకపోతే మీ చెవికి ఒక్కరే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, రెండోవారు ఎక్కడో దూరంగా గొణుగుతున్నట్టు.

మహేంద్రగిరి | పర్లాకిమిడి

ఆ మోనో సంగతి తెలీక ఎంతమంది రికార్డింగు పాడైందని రేటింగు తగ్గిస్తున్నారో! ఇది పైన పిన్ చెయ్యాలండీ.

బస్సులో వాల్యూమ్ ఎంతవరకు?

దేవమాలి | కొరాపుట్

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే. ఘాటీ ఎక్కే బస్సులో ఇంజను రొదని మించాలని మీట పైకి లాగితే ఆ హద్దు దాటడం చాలా సులువు. ఇయర్‌ఫోన్‌తో వచ్చే రబ్బరు తొడుగులు మూడు సైజులుంటాయి, చెవికి సరిగ్గా బిగిసేది పెట్టండి. బయటి చప్పుడు తగ్గితే వాల్యూమ్ పెంచక్కర్లేదు. బండి నడుపుతూ మాత్రం వద్దు.

తప్తపాణి | బరంపురం

ఆడియో ఎడిటింగు వైపు నుంచి కొన్ని మాటలు. పైన వంశధార గారు వాక్యం చివర గురించి రాశారు, రికార్డింగులో కూడా పాడయ్యేది సరిగ్గా అక్కడే.

తెలుగు వాక్యం చివరికొచ్చేసరికి గొంతు దిగుతుంది, ఊపిరి అయిపోతుంది, క్రియ మెత్తగా పడుతుంది. ఇంట్లో రికార్డు చేసేవాళ్లు ఫ్యాను చప్పుడు పోవాలని నాయిస్ గేట్ వాడతారు. ఒక హద్దు కంటే తక్కువ శబ్దం వస్తే అది తలుపు మూసేస్తుంది. హద్దు పైకి పెడితే ఫ్యానుతో పాటు ‘చూశావా’లో వా కూడా పోతుంది. మీరు విన్న పుస్తకంలో ప్రతి వాక్యం చివరా కత్తిరించినట్టు గభాల్న నిశ్శబ్దం వస్తోందా? అది గేట్ పనే. దానికి వినేవాళ్ల వైపు మందు లేదు, ఈక్వలైజరు ఎంత తిప్పినా పోయిన అక్షరం రాదు.

రికార్డు చేయాలనుకునేవాళ్లకి కొలతలు. అమెజాన్‌కి చెందిన ఆడియో పుస్తకాల వేదిక ఏసీఎక్స్ అడిగేవి ఇవి: సగటు బలం, అంటే ఆర్ఎంఎస్, మైనస్ 23 నుంచి మైనస్ 18 డీబీ మధ్య, శిఖరం మైనస్ 3 డీబీ దాటకూడదు, గది నిశ్శబ్దం మైనస్ 60 డీబీ లేదా అంతకన్నా తక్కువ. ఎంపీ3 192 కేబీపీఎస్, 44.1 కిలోహెర్ట్జ్, ఒక్కో ఫైలు 120 నిమిషాలు మించకూడదు. వేరే వేదికకి ఇచ్చేటప్పుడు వాళ్ల కొలతలు కూడా ఒకసారి చూసుకోండి. గేట్ బదులు గదిని సరిచేయండి: ఫ్యాను ఆపి, బట్టల బీరువా తెరిచి దాని ఎదురుగా కూర్చుని, మైకు నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకి పెట్టి చదవండి. మన వైపు వానాకాలంలో రేకు షెడ్డు కింద రికార్డింగు పెట్టుకోకండి, చినుకుల చప్పుడు ఏ సాఫ్ట్‌వేరుకీ లొంగదు. గంట ఆడియో పూర్తిగా తయారవడానికి చదువు, దిద్దుబాటు, మళ్లీ వినడం కలిపి నాలుగు నుంచి ఆరు గంటల పని ఉంటుంది. మూడుంబావు గంటల నవలికకి దాన్నిబట్టి రోజులు కేటాయించుకోండి.

ఋషికుల్య | ఛత్రపురం

కథ గురించి కూడా మాట్లాడండి. బాసు, కింద ఉద్యోగిని ప్రేమ అంటే వినేటప్పుడు నాకు ముందు తట్టేది జీతం, ప్రమోషను ఎవరి చేతిలో ఉన్నాయన్నదే. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులని ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా ఆ పైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి పై స్థాయి మహిళా ఉద్యోగి అధ్యక్షత, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి సభ్యులు ఒకరు. ఫిర్యాదుకి మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న ప్రేమని ఈ చట్టం తప్పనదు. ఇష్టం లేనిదాన్ని ఇష్టమని రాసే రచయితలు మాత్రం ఇది చదవాలి.

మంచి నవలికలో ఎక్కడో ఒకచోట రిపోర్టింగు మారుతుంది. అతను తనే హెచ్ఆర్‌కి చెప్పి ఆమె అప్రైజలు వేరేవాళ్లకి అప్పగిస్తాడు, లేదా ఆమె వేరే టీముకి వెళ్తుంది. ఆ సీను లేకుండా పెళ్లి దాకా పోయే కథలు నాకు ఊపిరాడనివ్వవు. ఆడియోలో దీనికి ఇంకో పరీక్ష ఉంది. ఆమె “వద్దండీ” అన్నచోట చదివేవారు దాన్ని సిగ్గులా, ముద్దుగా పలికారా, వద్దన్నట్టే పలికారా? కాగితం మీద అదే మాట, గొంతు దాన్ని ఎటైనా తిప్పగలదు. కథలో అది నిజమైన వద్దు అయినప్పుడు గోముగా పలికితే ఆ పుస్తకం అక్కడితో ఆపేయండి.

నాగావళి | రాయగడ

ఋషికుల్య అక్కా, ఇది చాలా అవసరమైన మాట. దానికి తోడు, ఇంట్లో స్పీకరు మీద పెట్టి పదిమందీ వినే అలవాటున్నవాళ్లు వయసు సూచన చూసి పెట్టండి. అధ్యాయాల పేర్లు ఉన్న పుస్తకమైతే దాటవేయడం సులువు.

మహేంద్రగిరి | పర్లాకిమిడి

పాత వారపత్రికల సీరియళ్లని ఫోనులోని మరగొంతుతో చదివించుకోవచ్చా? యూట్యూబులో ఎవరో చదివి పెట్టినవి వింటే తప్పా?

బాహుదా | బరంపురం

రెండూ వేరు. రచయిత మరణించిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లు మన దేశంలో కాపీరైటు ఉంటుంది. 1970ల, 80ల సీరియళ్లు దాదాపు అన్నీ ఇంకా హక్కుల్లోనే ఉన్నాయి. అనుమతి లేకుండా చదివి పెట్టింది ఎంత బాగున్నా రాసినవారికి పైసా చేరదు. దాసుభాషితం లాంటి తెలుగు ఆడియో యాప్‌లు ఉన్నాయి, అక్కడ వెతకండి. ఎపిసోడుకి ఇన్ని నాణేలని లెక్కగట్టే వేదికల్లో వచ్చేవి చాలావరకు నవలికలు కావు, వందల ఎపిసోడ్ల ధారావాహికలు. ప్రతి ఎపిసోడు చివరా ఒక మెలిక ఉండాలి కాబట్టి కథ ముగియదు. డబ్బు కట్టేముందు మొత్తం ఎపిసోడ్లెన్నో, కథ పూర్తయిందో లేదో చూడండి.

మరగొంతు సంగతి: కొన్న ఈబుక్కు యూనికోడులో ఉంటే చదువుతుంది. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ అయితే పిచ్చి అక్షరాలు పలుకుతుంది, ఎందుకంటే ఆ ఫాంట్లలో తెలుగు ఆకారం కింద దాగి ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. యూనికోడు అయినా ‘ఎం.డి.’ దగ్గర చుక్క చూసి వాక్యం అయిపోయిందనుకుని ఆగుతుంది. వార్తకి సరే. అలకకీ కోపానికీ తేడా పలకలేని గొంతుతో ప్రేమకథ వినమని ఎవరికీ చెప్పను.

వంశధార | గుణుపురం

వినడం నుంచి చదవడానికి రావాలనుకునే పిల్లల కోసం ఒక పద్ధతి. ఒడియా లిపి వచ్చినవాళ్లకి అచ్చులు, హల్లుల వరస కొత్త కాదు, అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ రెండిట్లో ఒకే క్రమం. తడబడేది ఎ–ఏ, ఒ–ఓ దగ్గర. ఒడియాలో ఈ పొట్టి పొడవు తేడా లేదు, చెరొక అక్షరమే ఉంది. అందుకే ‘కొడతాను’ని ‘కోడతాను’ అని చదువుతారు. అదే నవలిక ఈబుక్కు, ఆడియో రెండూ తీసుకుని, వేగం 0.9 పెట్టి, రోజుకి ఒక సంభాషణ సీను, అయిదు నిమిషాలకి మించకుండా, వేలు పెట్టి చూస్తూ వినాలి. మొదట వర్ణన పేరాలు వద్దు, ఇద్దరి మాటలున్న చోటే. వాక్యాలు పొట్టివి, మళ్లీ మళ్లీ వచ్చేవి. మీరు, నువ్వు తేడా కూడా వాళ్లకి తొందరగా అందుతుంది, ఒడియాలో ఆపణ, తుమే, తు మూడు మెట్లు రోజూ వాడుతున్నవాళ్లే కదా.

ఋషికుల్య | ఛత్రపురం

యాస గురించి ఒక్క మాట. మన దగ్గర కొందరికి హైదరాబాదు ఆఫీసు కథల్లో పలుకు పరాయిగా ఉంటుంది. ఆపేయకండి, రెండు అధ్యాయాలు దాటితే చెవి సర్దుకుంటుంది. కానీ రికార్డు చేసే మనవాళ్లు ఉంటే, శ్రీకాకుళం వైపు ప్యూను పాత్ర “ఏటి బాబూ, అప్పుడే ఎల్పోతన్నారా” అంటే దాన్ని పుస్తకం భాషలోకి సర్దకండి. జనం మాట్లాడే తెలుగే రాయాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది పర్లాకిమిడిలో పనిచేస్తూనే. ఆ ఊరు పక్కన కూర్చుని మన పలుకుని దిద్దుకోవడం బాగోదు. ఒకటే జాగ్రత్త: యాస నవ్వించడానికే కింది ఉద్యోగుల నోట్లో పెట్టడం కాదు, హీరోయిన్ కూడా ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ పలుకులోకి జారితే ఎంత బాగుంటుందో.

తప్తపాణి | బరంపురం

అలా జారే చోట చదివేవారు ముందే గుర్తు పెట్టుకోవాలి. స్క్రిప్టులో ఆఫీసు మాటకి ఒక రంగు, ఇంటి మాటకి ఒక రంగు గీత గీసుకుంటారు. లేకపోతే మూడో రోజు రికార్డింగుకి పలుకు మారిపోతుంది.

మహేంద్రగిరి | పర్లాకిమిడి

చివరిగా ఒకటి. సొంతంగా కొన్న ఎంపీ3 ఫైళ్లు ఫోనులో వేస్తే అధ్యాయాలు 1, 10, 11, 2 ఇలా వస్తున్నాయి. పదో అధ్యాయంలో పెళ్లి, రెండో అధ్యాయంలో పరిచయం!

దేవమాలి | కొరాపుట్

కొన్ని ప్లేయర్లు పేరుని అంకెగా కాక అక్షరాలుగా పేరుస్తాయి. ఫైళ్ల పేర్లు 01, 02 అని రెండంకెల్లో మార్చండి, అన్నీ ఒకే ఫోల్డరులో, ఆ ఫోల్డరులో ఇంకే పాటా లేకుండా పెట్టండి. మామూలు పాటల ప్లేయరు బదులు ఆడియో పుస్తకాల ప్లేయరు వాడండి, ఆపిన చోటు గుర్తుంచుకుంటుంది, షఫుల్ జోలికి పోదు. ఎం4బీ ఫైలు దొరికితే ఇంకా మంచిది, మొత్తం ఒకే ఫైలు, అధ్యాయాలు లోపలే ఉంటాయి. నిద్రకి ముందు వినేవాళ్లు స్లీప్ టైమరు నిమిషాల్లో కాకుండా ‘అధ్యాయం చివర’ అని పెట్టుకోండి.